భూగర్భ రైలు: వ్యవహార నామాలు

నగరాల్లో నేల కింద నడిచే రైలును జనం రోజువారీ మాటల్లో పిలుచుకొనే పేర్లు ఈ వ్యాస విషయం. సంస్థ పెట్టుకొన్న పేరు, చట్టంలో రాసిన పేరు, పత్రికలు కూర్చిన పేరు, ప్రయాణికుడి నోట పలికే పేరు తరచు వేరువేరుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ఏ నగరంలోనూ మెట్రో నడవడం లేదు. అయినా చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు వంటి మండల కేంద్రాల్లో అది అందరికీ తెలిసిన మాట. ఒకవైపు బెంగళూరు, మరోవైపు చెన్నై. చదువులకు, ఉద్యోగాలకు, ఆసుపత్రులకు, పెళ్లి బట్టలకు ఈ ప్రాంతం వాళ్లు వెళ్లే రెండు మహానగరాల్లోనూ రైలు భూమిలోకి దిగింది. అందువల్ల ఇక్కడి పేర్లు కన్నడ, తమిళ వాడుకలను కలుపుకొని ఏర్పడ్డాయి. తెలుగు నిఘంటువుల్లో వెతికితే వాటిలో చాలావరకు దొరకవు.

నిర్వచనం, పరిధి

నగరం లోపల, మిగతా రాకపోకలతో కలవకుండా ప్రత్యేకమైన పట్టాల మీద, కొంత దూరమైనా సొరంగంలో నడిచే విద్యుత్ రైలును భూగర్భ రైలు అంటారు. దారి మొత్తం నేల కిందే ఉండాలన్న నియమం లేదు. సుమారు 402 కి.మీ. పొడవున్న లండన్ అండర్‌గ్రౌండ్‌లో సొరంగాల్లో ఉన్న భాగం సగం కన్నా తక్కువ. న్యూయార్క్ సబ్‌వే క్వీన్స్, బ్రూక్లిన్, బ్రాంక్స్ ప్రాంతాల్లో చాలా దూరం ఇనుప స్తంభాల మీద పోతుంది. బెంగళూరు మెట్రో మొదటి దశ 42.3 కి.మీ. అందులో నేల కింద ఉన్నది 8.8 కి.మీ., స్టేషన్లు ఏడు. చెన్నై మొదట తలపెట్టిన 45 కి.మీ.లో సగానికి పైగా, అంటే సుమారు 24 కి.మీ., భూమిలోనే ఉంది. హైదరాబాద్‌లోని 69 కి.మీ. పూర్తిగా స్తంభాల మీదే కట్టారు.

భారత చట్టాలు కూడా లోతును బట్టి పేరు మార్చలేదు. 1978లో వచ్చిన నిర్మాణ పనుల చట్టం, 2002లో ఢిల్లీ కోసం చేసి 2009లో మిగతా మహానగరాలకూ వర్తించేలా సవరించిన నిర్వహణ చట్టం రెండూ ‘మెట్రో రైల్వే’ అనే వాడాయి. వంతెన మీద నడిచినా సొరంగంలో నడిచినా చట్టం దృష్టిలో అది ఒకటే. జనవ్యవహారం కూడా అదే బాట పట్టింది. కాబట్టి ఈ వ్యాసంలో నేల కింది రైలు పేర్లతో పాటు, అదే పేరుతో నేల మీద నడిచే రైళ్ల ప్రస్తావన కూడా తప్పదు.

పేర్ల పుట్టుక

ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న లండన్‌లో పాడింగ్టన్, ఫారింగ్డన్ మధ్య మొదలైంది. అప్పటికి విద్యుత్ రైళ్లు లేవు. ఆవిరి ఇంజన్లే సొరంగంలో పొగ వదులుతూ బండ్లను లాగేవి. దాన్ని నడిపిన కంపెనీ పేరు మెట్రోపాలిటన్ రైల్వే. ‘మహానగరానికి చెందిన’ అని దాని అర్థం. గ్రీకులో మెట్రోపోలిస్ అంటే తల్లి నగరం. 1900 జులై 19న పారిస్‌లో మొదలైన రైలు కంపెనీ కూడా తన పొడవాటి పేరులో ఆ విశేషణాన్నే చేర్చుకొంది. పారిస్ జనం దాన్ని సగానికి కోసి ‘మెట్రో’ అన్నారు. 1919లో మాడ్రిడ్, 1935లో మాస్కో తమ రైళ్లకు అదే మాట తీసుకున్నాయి. లండన్‌లో పుట్టిన మాట పారిస్‌లో కురచై లోకమంతా తిరిగింది. లండన్‌లో మాత్రం సాధారణ నామంగా నిలవలేదు.

లండన్ వాళ్లకు దక్కిన పేరు ‘ట్యూబ్’. 1890లో అక్కడ లోతైన గుండ్రని సొరంగంలో విద్యుత్ రైలు నడిచింది. 1900లో తెరిచిన సెంట్రల్ లండన్ రైల్వే ఎంత దూరానికైనా రెండు పెన్నీలే తీసుకోవడంతో పత్రికలు ‘టుపెన్నీ ట్యూబ్’ అన్నాయి. ఛార్జీ మారాక మొదటి మాట రాలిపోయి రెండోది మిగిలింది. అధికారిక నామమైన ‘అండర్‌గ్రౌండ్’ను కంపెనీలన్నీ కలిసి బోర్డుల మీదికి ఎక్కించింది 1908లో. అది కొంత ఆలస్యంగా వచ్చిన పేరు.

అమెరికాలో ‘సబ్‌వే’ నిలిచింది. 1897లో బోస్టన్‌లో ట్రెమాంట్ వీధి కింద, 1904 అక్టోబరు 27న న్యూయార్క్‌లో అలాంటి మార్గాలు తెరిచారు. బెర్లిన్‌లో 1902 నుంచి ‘ఊ-బాన్’. నేల కింది దారి అనే జర్మన్ మాటలోని మొదటి అక్షరంతో కట్టిన కురచ పేరు అది. బ్యూనస్ ఐరిస్‌లో భూగర్భం అనే స్పానిష్ మాట కురచై ‘సుబ్తే’ అయింది. టోక్యోలో ‘చికతెత్సు’, నేల కింది ఇనుపదారి. పుట్టుక చూస్తే ఈ పేర్లలో కొన్ని లోతును చెబుతాయి, కొన్ని సొరంగం ఆకారాన్ని, కొన్ని నగరాన్ని. అన్నింటికీ సామాన్యమైన గుణం పొట్టితనం. రోజుకు రెండుసార్లు ఎక్కేదాన్ని ఎవరూ ఆరు అక్షరాలతో పిలవరు.

మన దేశంలో మొదటిది కలకత్తాలో వచ్చింది. 1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కి.మీ. మేర రైలు నడిచింది. నడిరోడ్డును తవ్వి, లోపల కట్టడం పూర్తిచేసి, మళ్లీ పైన కప్పేసే పద్ధతిలో చాలాభాగం కట్టారు. ఏళ్ల తరబడి నగరం గోతులతో బతికింది. బెంగాలీలు దానికి పెట్టుకొన్న పేరు ‘పాతాల్ రేల్’. సంస్థ పేరు మెట్రో రైల్వే అయినా నోట నిలిచింది ఇదే. ‘మెట్రో’ అనే మాట కూడా క్రమంగా పక్కన చేరింది. 2024 మార్చిలో హుగ్లీ నది అడుగున ఎస్ప్లనేడ్, హౌరా మైదాన్ మధ్య రైలు మొదలయ్యేసరికి ఆ నగరంలో రెండు పేర్లూ తిరుగుతున్నాయి. ముంబయిలో 2024 అక్టోబరులో మొదటి భాగం తెరిచిన మూడో మార్గాన్ని మరాఠీలు ‘భుయారీ మెట్రో’ అంటారు. భుయార్ అంటే సొరంగం. స్తంభాల మీది మెట్రో అప్పటికే ఉన్నందున కొత్తదాన్ని విడదీసి చెప్పవలసి వచ్చింది. లోతును తెలిపే విశేషణం అవసరమయ్యేది ఇలాంటిచోట్లనే.

తెలుగులో కూర్చిన పేర్లు

భూగర్భ రైలు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి వార్తలు వాడిన మాట. ‘భూగర్భ జలాలు’, ‘భూగర్భ డ్రైనేజీ’ అన్న మాటల పక్కన ఇది సహజంగా అమరింది. అర్థం స్పష్టం, అపార్థానికి తావు లేదు. అయినా మాట్లాడేటప్పుడు ఎవరూ ‘భూగర్భ రైలెక్కి వచ్చాను’ అనరు. రాసే మాటగా దానికి మంచి స్థానం ఉంది. ఈ వ్యాసానికి అదే శీర్షిక కావడానికి కారణం కూడా ఆ స్పష్టతే.

పాతాళ రైలు. బెంగాలీ పేరుకు సరిగ్గా సరిపడే తెలుగు మాట. పాతాళం తెలుగువారికి కొత్తది కాదు. శ్రీశైలంలో కృష్ణ ఒడ్డు పాతాళగంగ, 1951 నాటి విజయా వారి చిత్రం పాతాళభైరవి, బావిలో పడిన చేదను పైకి తీసే పాతాళగరిగె అందరూ ఎరిగినవే. ఇన్ని ఉన్నా ఆ మాట రైలుకు అంటుకోలేదు. తెలుగునాట అలాంటి రైలు ఎక్కే అనుభవం లేకపోవడమే దీనికి ముఖ్య కారణం అనుకోవచ్చు. ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాల వంటివారికి మాత్రం కలకత్తా పేరు నేరుగా చెవిన పడుతుంది.

సొరంగ రైలు. సొరంగం, సొరంగ మార్గం అన్నవి వాడుకలో గట్టిగా ఉన్నాయి. కొండను తొలిచిన దారికీ, కోటల కింద ఉన్నాయని చెప్పుకొనే రహస్య దారులకూ అవే. కన్నడ ‘సురంగ’, తమిళ ‘సురంగం’ దీనికి దాయాది మాటలే. అందువల్ల మూడు భాషలూ కలిసే చిత్తూరు జిల్లాలో విన్నవారికి వెంటనే తెలుస్తుంది. ‘సొరంగంలో పోతుంది’ అని వర్ణించడానికి దీన్ని వాడతారు. పేరుగా మాత్రం పెట్టరు.

సబ్‌వే. ఇది జాగ్రత్తగా చూడవలసిన మాట. న్యూయార్క్‌లో సబ్‌వే అంటే రైలు. లండన్‌లో సబ్‌వే అంటే రోడ్డు దాటడానికి నేల కింద కట్టిన నడకదారి. దక్షిణ భారతంలో లండన్ అర్థమే స్థిరపడింది. చెన్నై టి.నగర్‌లోని దురైసామి సబ్‌వే పట్టాల కింద వాహనాలు పోయే దారి. వాన పడితే నీళ్లు నిలిచే చోటు. సెంట్రల్ స్టేషన్ ఎదుటి సబ్‌వే పాదచారులది. తమిళంలో ఈ నడకదారికి రాసే ‘సురంగప్పాదై’ అనే మాటే మెట్రో సొరంగానికీ వస్తుంది. చిత్తూరు, తిరుపతి వాళ్లకు సబ్‌వే అంటే ఈ అర్థాలే. రైలు కట్ట కింది దారిని ‘అండర్ బ్రిడ్జి’ అనడం కూడా ఉంది. అమెరికాలో చదువుకొంటున్న పిల్లలు ఫోన్‌లో ‘సబ్‌వేలో ఉన్నా’ అంటే, ఇంటి పెద్దలకు తోచేది రైలు కాదు, గోడల మధ్య నడకదారి. ‘అండర్‌గ్రౌండ్’ పరిస్థితి కూడా ఇంతే. తెలుగు వాడుకలో అజ్ఞాతంలోకి వెళ్లడం, నేల కింది డ్రైనేజీ, భవనం కింది అంతస్తు అన్న అర్థాలు ముందే ఆ మాటలో చోటు తీసుకొన్నాయి.

పూతలపట్టు ప్రాంత వాడుక

తిరుపతి నుంచి వచ్చే 140వ జాతీయ రహదారి, కర్నూలు నుంచి రాణిపేటకు పోయే 40వ జాతీయ రహదారిని పూతలపట్టు దగ్గర కలుస్తుంది. పాకాల, చిత్తూరు మధ్య రైలు మార్గంలో ఊరికి స్టేషన్ కూడా ఉంది. ఆ మార్గం ఒక చివర కాట్పాడి, మరో చివర తిరుపతి. ఈ రైళ్లను జనం పోయే ఊరి పేరుతోనో, వచ్చే వేళతోనో చెబుతారు. తిరుపతి ప్యాసింజరు, కాట్పాడి ప్యాసింజరు, పొద్దున బండి. అదే అలవాటు మెట్రోకూ వచ్చింది. ఇక్కడ ‘మెట్రో’ ఒంటరిగా పలికినప్పుడు ఏ నగరానిదో మాటల సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. తెలియనప్పుడు ‘బెంగళూరు మెట్రో’, ‘మద్రాసు మెట్రో’ అని ఊరు ముందు చేరుతుంది. 1996లో నగరం పేరు అధికారికంగా చెన్నై అయినా పెద్దవాళ్ల నోట మద్రాసు పోలేదు. అంతకన్నా పాత పేరు ‘పట్నం’. చెన్నపట్నం అన్నదానిలో మిగిలిన తునక అది. పట్నానికి పోయి మెట్రో ఎక్కినామని చెప్పే ఒక్క మాటలో శతాబ్దాల నాటి పేరు, నిన్నటి పేరు కలిసే ఉంటాయి.

వ్యాకరణం విషయానికి వస్తే, ‘మెట్రో’ అరువు మాట అయినా తెలుగు విభక్తులను సులువుగా తీసుకొంది. మెట్రోకి, మెట్రోలో, మెట్రోనుంచి. క్రియలు పాతవే. ఎక్కడం, దిగడం, మారడం, పట్టుకోవడం. చిత్తూరు మాటతీరులో ‘మెట్రోలో వస్తా ఉండా’ అనే వాక్యం వినడానికి ఏ వింతా లేదు. ఒక చిన్న తేడా మాత్రం గమనించదగ్గది. మామూలు రైలుకు ‘స్టేషన్‌కు పోయి ఎక్కు’ అంటారు. బెంగళూరు మెజెస్టిక్‌లోనో చెన్నై సెంట్రల్‌లోనో మెట్రోకు ‘కిందికి దిగి ఎక్కు’ అంటారు. భూగర్భమన్న సంగతి పేరులో లేకపోయినా దారి చెప్పే క్రియలో ఉండిపోయింది. తెలుగులో భూగర్భ రైలు లోతు వినబడే చోటు ఇదొక్కటే.

బెంగళూరు: నమ్మ మెట్రో

బెంగళూరు మెట్రో 2011 అక్టోబరు 20న బైయప్పనహళ్లి, ఎం.జి. రోడ్డు మధ్య 6.7 కి.మీ.తో మొదలైంది. అది స్తంభాల మీది మార్గం. కబ్బన్ పార్కు నుంచి సిటీ రైల్వే స్టేషన్ వరకు 4.8 కి.మీ. సొరంగాన్ని 2016 ఏప్రిల్ 29న ప్రారంభించారు. దక్షిణాదిలో ప్రయాణికులు ఎక్కిన మొదటి భూగర్భ మెట్రో మార్గం అదే. ఉత్తర దక్షిణ మార్గంలోని భూగర్భ భాగం 2017 జూన్‌లో తెరుచుకొంది. సొరంగం తవ్విన యంత్రాలకు కూడా పేర్లున్నాయి. హెలెన్, మార్గరీటా, కృష్ణ, కావేరి, గోదావరి. నేల కింద మెత్తటి మట్టి, గట్టి రాతి గుండ్లు కలగలిసి ఉండటంతో మెజెస్టిక్, చిక్‌పేట మధ్య గోదావరి యంత్రం నెలల తరబడి చిక్కుకుపోయింది. ఆ రోజుల్లో మెట్రో ఆలస్యం గురించిన వార్తల్లో తెలుగువారి నది పేరు పదేపదే వినబడింది.

సంస్థ పేరు బెంగళూరు మెట్రో రైల్ కార్పొరేషన్. రైలుకు పెట్టిన పేరు ‘నమ్మ మెట్రో’. కన్నడలో ‘నమ్మ’ అనే మాట వినేవారిని కలుపుకొన్నదా, విడిచిపెట్టినదా అన్న భేదం చూపదు. తెలుగులో ‘మన’, ‘మా’ అని రెండున్నాయి. ఎదుటివారిని కలుపుకొంటే మన, కలుపుకోకపోతే మా. కాబట్టి ‘నమ్మ మెట్రో’ను తెలుగులో చెప్పేవారు రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకొన్నవారు ‘మన మెట్రో’ అనే అంటారు. నిజానికి చిత్తూరు జిల్లాలో ఎక్కువమంది అనువాదం జోలికి పోకుండా కన్నడ రూపాన్నే బ్రాండు పేరులా పలుకుతారు. కుప్పం, పలమనేరు వైపు కన్నడ తెలిసినవాళ్లు చాలామంది. వాళ్లకు వివరించనక్కర లేదు.

మార్గాలకు రంగుల పేర్లు. పర్పుల్ లైన్, గ్రీన్ లైన్, 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్. నిర్మాణం చేపట్టిన పింక్ లైన్లో దాదాపు 14 కి.మీ. నేల కిందే. పర్పుల్‌ను కన్నడలో ‘నేరళె’ అంటారు. తెలుగు నేరేడుకు అది సోదరి. పూతలపట్టు వైపు నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో వెళ్లేవారికి పర్పుల్ లైన్ అన్నిటికన్నా దగ్గరి బంధువు. 2023లో వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్. పురం మీదుగా ఆ మార్గం నగరంతో కలిసింది. అప్పటిదాకా టిన్ ఫ్యాక్టరీ దగ్గర సిటీ బస్సుకు మారి, రద్దీలో గంటలు గడిపిన ప్రయాణం మారిపోయింది. ‘కె.ఆర్. పురంలో దిగి మెట్రో పట్టుకో’ అన్నది ఇప్పుడు ఈ ప్రాంతం వాళ్లు ఒకరికొకరు చెప్పుకొనే దారి. ఇందులో లైన్ పేరు, రంగు, సంస్థ పేరు ఏవీ లేవు. ఎక్కే చోటు, ‘మెట్రో’ అన్న మాట ఉంటే చాలు.

చెన్నై: మూడు రైళ్లు, మూడు పేర్లు

చెన్నైలో మెట్రో రాకముందే నగర రైళ్లు రెండు రకాలు ఉండేవి. 1931లో బీచ్, తాంబరం మధ్య మొదలైన విద్యుత్ రైలును జనం ‘ఎలక్ట్రిక్ ట్రైన్’ అన్నారు. తమిళంలో ‘మిన్సార రయిల్’. 1995లో బీచ్ నుంచి చేపాక్కానికి ఎత్తైన వంతెనల మీద నడిచినది ‘పరక్కుమ్ రయిల్’, ఎగిరే రైలు. అందుకే 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరు మధ్య మూడోది వచ్చినప్పుడు, అది కూడా స్తంభాల మీదే నడిచినా ఎగిరే రైలు అన్న పేరు ఖాళీగా లేదు. ‘మెట్రో రయిల్’ అన్న సంస్థ పేరే నిలబడింది. 2017 మే 14న తిరుమంగళం, నెహ్రూ పార్కు మధ్య మొదటి భూగర్భ భాగం, 2018లో సెంట్రల్, 2019 ఫిబ్రవరి నాటికి వాషర్‌మన్‌పేట వరకు సొరంగం తెరిచారు. రైలు భూమిలోకి దిగినప్పటికీ పేరు మారలేదు. అప్పటికే జనం నోట అది కుదురుకొంది.

చిత్తూరు జిల్లాలో తమిళం మాట్లాడేవారు, అర్థం చేసుకొనేవారు ఎక్కువ. 1911లో జిల్లా ఏర్పడకముందు ఇక్కడి తాలూకాల్లో చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అందువల్ల తమిళ వాడుకలోని ‘మెట్రో రయిల్’ ఇక్కడ ‘మెట్రో రైలు’గా, కుదిస్తే ‘మెట్రో’గా అలవోకగా వచ్చేసింది. ఎగిరే రైలు అనే మాటకు మాత్రం ఇక్కడ అంత ప్రచారం రాలేదు. చేపాక్కం వైపు పని ఉన్నవారు తక్కువ కావడం అందుకు కారణం అయి ఉండవచ్చు.

2018 అక్టోబరు నుంచి ఆంధ్ర బస్సులకు చెన్నైలో మాధవరం కొత్త నిలయం అయింది. అంతకుముందు అవి కోయంబేడు దాకా వెళ్లేవి. అక్కడ దిగగానే ఎదురుగా మెట్రో ఉండేది. మాధవరానికి మారాక ఆ సౌకర్యం పోయింది. రెండో దశలోని 118.9 కి.మీ.లో రెండు మార్గాలు మాధవరం నుంచే బయలుదేరేలా వేశారు. అవి పూర్తయితే ఈ ప్రాంతం ప్రయాణికులకు పాత సౌకర్యం తిరిగి దక్కుతుంది.

హైదరాబాద్: స్తంభమే చిరునామా

తెలుగు రాష్ట్రాల్లో నడుస్తున్న ఒకే మెట్రో హైదరాబాద్‌ది. 2017 నవంబరు 28న ప్రారంభమైంది. మరుసటి రోజు నుంచి మియాపూర్, నాగోలు మధ్య ప్రజలు ఎక్కారు. ఇది పూర్తిగా నేల పైనే ఉన్నందున తెలుగువారిలో అధిక సంఖ్యాకులకు ‘మెట్రో’ అనగానే మనసులో మెదిలేది సొరంగం కాదు, నడిరోడ్డు మీది స్తంభాల వరస. ఆ స్తంభాల మీద రాసిన నంబర్లు దుకాణాల ప్రకటనల్లో, పెళ్లి పత్రికల్లో చిరునామాకు గుర్తులయ్యాయి. ‘మెట్రో పిల్లర్’ అనే జంట మాట అలా పుట్టింది. భూగర్భ రైలు ఎంత గొప్పదైనా ఇలాంటి పేరును ఇవ్వలేదు. అది పైకి కనబడదు కదా. అందుకే సొరంగంలో నడిచే మెట్రోను చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు పత్రికలు ‘భూగర్భ మెట్రో’ అని విశేషణం చేరుస్తున్నాయి. పారిస్‌లో పుట్టినప్పుడు ఆ మాటకు ఆ విశేషణం అక్కర లేదు.

2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. దీనికి వేరైన సేవ. మామూలు రైలు పట్టాల మీదే నడుస్తుంది. పేరు అక్షరాలుగానే పలుకుతారు. కొత్తగా వచ్చినవారు రెండింటినీ కలిపేసి చెప్పడం కద్దు.

ప్రవాసాంధ్రుల నోట

విదేశాల్లో ఉన్న తెలుగువారు సాధారణంగా ఆ నగరం పెట్టిన పేరునే వాడతారు. లండన్ ఈస్ట్‌హామ్‌లో ఉండే విద్యార్థులు ‘ట్యూబ్’ అంటారు. వాళ్లు ఎక్కే డిస్ట్రిక్ట్ లైన్ గుండ్రని లోతు సొరంగంలో తవ్వినది కాదు. రోడ్డు తవ్వి కప్పిన తరహాది, తూర్పున చాలాభాగం ఆరుబయటే. అయినా ఆ పేరే. సింగపూర్‌లో 1987 నుంచి ‘ఎం.ఆర్.టి.’. దుబాయ్‌లో 2009 నుంచి ‘మెట్రో’. రాయలసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో చాలామందికి జీవితంలో మొదట ఎక్కిన మెట్రో అదే. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల 1972 నుంచి నడుస్తున్న రైలు ‘బార్ట్’. సంస్థ పేరులోని తొలి అక్షరాలు కలిపి పలికితే వచ్చిన మాట. ఫ్రీమాంట్ తెలుగు ఇళ్లలో అది ‘బార్ట్ ఎక్కి’, ‘బార్ట్‌లో’ అంటూ తెలుగు వాక్యంలో పొదిగిపోయింది. బోస్టన్‌లో ఒక్క అక్షరం, ‘టి’.

న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువారు జెర్సీసిటీ నుంచి హడ్సన్ నది అడుగుగా మాన్‌హట్టన్ చేరే రైలును ‘పాత్’ అంటారు. 1908లో తెరిచినప్పుడు జనం దాన్ని ‘హడ్సన్ ట్యూబ్స్’ అనేవారు. 1962లో నిర్వహణ చేతులు మారాక కొత్త పేరు వచ్చింది. యాభై ఏళ్లు చలామణీ అయిన పాత పేరును తర్వాత వచ్చిన వలసదారులు వినలేదు. న్యూయార్క్ లోపల సబ్‌వే అన్న మాట కూడా తక్కువే వినబడుతుంది. ‘ట్రైన్’ అంటారు, లేదా అక్షరమో అంకెనో చెబుతారు. ఫ్లషింగ్ గణేశుని గుడికి పోయేవారికి ‘సెవెన్ ట్రైన్’ తెలిసిన దారి. క్వీన్స్‌లో అది ఎక్కువ దూరం వంతెన మీదే నడుస్తుంది.

స్టేషన్ల పేర్లు: బోర్డు, నోరు

రైలు పేరు ఎంత పొట్టిదో స్టేషన్ల అధికారిక పేర్లు అంత పొడవు. బెంగళూరులో పర్పుల్, గ్రీన్ మార్గాలు కలిసే స్టేషన్ నగర స్థాపకుని పేరుతో ‘నాడప్రభు కెంపేగౌడ స్టేషన్, మెజెస్టిక్’. ఒకప్పటి సినిమా హాలు పేరుతో ఆ చోటుకు మెజెస్టిక్ అని వచ్చింది. కన్నడిగులకూ, చిత్తూరు నుంచి బస్సు దిగేవారికీ అది మెజెస్టిక్కే. పట్టు చీరల టోకు బజారు ఉన్న చిక్‌పేట, దాని పక్కన కృష్ణరాజేంద్ర మార్కెట్ స్టేషన్లు రాయలసీమ పెళ్లి బేరాలకు వెళ్లేవారికి దగ్గరైనవి. రెండోదాన్ని అందరూ ‘మార్కెట్’ అనే అంటారు. చెన్నైలో 2020 జులైలో మూడు స్టేషన్లకు నాయకుల పేర్లు పెట్టారు. సెంట్రల్‌కు ఎం.జి. రామచంద్రన్, కోయంబేడు బస్సు నిలయం స్టేషన్‌కు జయలలిత, ఆలందూరుకు అణ్ణాదురై. కలకత్తాలో భవానీపూర్ ‘నేతాజీ భవన్’గా, టాలీగంజ్ ‘మహానాయక్ ఉత్తమ్ కుమార్’గా మారాయి. ఢిల్లీలో రాజీవ్ చౌక్ స్టేషన్ పైన ఉన్న చోటును జనం కన్నాట్ ప్లేస్ అనడం మానలేదు.

గౌరవార్థం పెట్టిన పేరును ఎవరూ కాదనరు. దూరప్రాంతపు ప్రయాణికుడికి అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. అతనికి ఎవరో చెప్పి పంపింది వాడుక పేరు, గోడ మీద కనబడేది అధికారిక పేరు. రెండూ కలిసి కనబడితే దారి తప్పడు. బెంగళూరులో మెజెస్టిక్, విధానసౌధ, సెంట్రల్ కాలేజీ స్టేషన్ల పేర్లలో మహనీయుల పేరు తర్వాత చోటు పేరు కూడా చేర్చారు. చెన్నైలోనూ పేరు చివర సెంట్రల్, ఆలందూర్ అలాగే నిలిపారు. ఇది చిన్న ఏర్పాటే అయినా, చదవడం అంతగా రాని పల్లె ప్రయాణికుడికి రైల్లో వినబడే ప్రకటనలో తెలిసిన ముక్క ఒకటి చెవిన పడుతుంది.

లిపి సంగతి వేరు. హైదరాబాద్ బోర్డుల మీద తెలుగు ఉంటుంది. బెంగళూరులో కన్నడం, ఇంగ్లీషు. హిందీ బోర్డుల మీద 2017లో అక్కడ పెద్ద ఆందోళన జరిగింది. కన్నడ లిపి తెలుగుకు చాలా దగ్గర కావడంతో, తెలుగు మాత్రమే చదవగలిగినవారు కూడా కూడబలుక్కొని స్టేషన్ పేరు పోల్చుకోగలరు. చెన్నైలో తమిళ లిపి అలా లొంగదు. అక్కడ చిత్తూరు జిల్లావారికి అక్కరకొచ్చేది మాట్లాడే తమిళం. ‘మెట్రో ఎంగే’ అని అడిగితే ఎవరైనా చెయ్యి చూపిస్తారు.